ఆ పదమూడు రూపాయలు

నాకు బేరమాడడం రాదు. మా యింట్లో అందరికీ తెలిసిన సంగతే. కూరలవాడు ఎంతంటే అంత చేతిలో పెట్టి, పైగా "చిల్లర వుంచుకోలే" అని కూడా అనేసి వచ్చే రకం నేను. దాన్ని నేను దయాగుణం అనుకుంటాను. మా అత్తగారు మాత్రం చేతకానితనం అంటారు. యిద్దరిలో ఎవరి మాట నిజమో యిన్నేళ్ళకి, అదీ ఓ కూరగాయల బల్ల ముందు, నాకు తెలిసి వచ్చింది.

అది నిజమైన అంగడి కాదులెండి. సికింద్రాబాదులో ఒక స్పెషల్ స్కూల్లో ప్రతి శుక్రవారం పిల్లలు పెట్టే చిన్న సంత. మా చిన్నాడబిడ్డ కొడుకు అక్కడ చదువుతున్నాడు. వాడి అసలు పేరెందుకు, చంటి అందాం. పదకొండేళ్ళు. ఒక్కసారి కథ చెబితే పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. సైకిలు చైను వూడితే నిమిషంలో ఎక్కిస్తాడు. అక్షరాలు మాత్రం వాడి దగ్గర నిలవవు. 'ప'ని 'వ' అంటాడు. 'బ'కీ 'ఒ'కీ మధ్య తికమక పడతాడు. వొత్తులైతే ఒక అక్షరం కింద వుండాల్సినవి యింకో అక్షరం కిందికి వెళ్ళి కూర్చుంటాయి. అంకెలూ అంతే. పదమూడు వెయ్యమంటే ముందు మూడు వేస్తాడు.

ఆ శుక్రవారం వాళ్ళమ్మకి వొంట్లో బాగులేక, వాణ్ణి తీసుకురావడానికి నేను వెళ్ళాను. చెట్టు కింద బల్లలు వేసి, ఆకుకూరలూ మునక్కాడలూ పరిచి వున్నాయి. చంటి ముందు చిల్లర డబ్బా. నన్ను చూసి కూడా నవ్వలేదు. దుకాణదారుడి హోదాలో వున్నాడు మరి! రెండు కట్టల గోంగూర యిరవై, కరివేపాకు అయిదు, రెండు మునక్కాడలు పన్నెండు. మొత్తం ముప్ఫై ఏడని పక్కనున్న పిల్ల చీటీ మీద వేసి యిచ్చింది. నేను యాభై నోటు యిచ్చాను.

వాడు డబ్బాలో చెయ్యి పెట్టాడు. కొన్ని నాణేలు తీశాడు, మళ్ళీ వేశాడు. చీటీ చూశాడు. పెదాలు కదుపుతున్నాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. నా వెనకాల నలుగురు తల్లులు నిలబడి వున్నారు. చంటి చెవులు ఎర్రబడ్డాయి. నా ప్రాణం వుసూరుమంది. "ఫర్వాలేదులే నాన్నా, వుంచుకో" అనేశాను. అని, సంచీ తీసుకుని పక్కకి తప్పుకున్నాను కూడా.

అప్పుడు వాళ్ళ టీచరు నా దగ్గరికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు వుంటాయేమో. చాలా మెల్లిగా, నాకు మాత్రమే వినబడేలా, "మేడమ్, చిల్లర తీసుకుని వెళ్ళండి" అంది.

"పాపం, వెనకాల వాళ్ళందరూ..."

"వాళ్ళు ఆగుతారు. ఆగడానికే వచ్చారు. యిన్నాళ్ళూ వాడితో అందరూ ఫర్వాలేదనే అన్నారు మేడమ్" అంది.

తిరిగి వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాను. ఆవిడ వాడికి లెక్క చెప్పలేదు. "మనం మార్కెట్లో చూశాం కదా, ఆ అవ్వ ఎలా యిచ్చింది?" అని మాత్రం అడిగింది. వాడి మొహం ఒక్కసారి విచ్చుకుంది. చీటీ మీద వేలు పెట్టి "ముప్ఫై ఏడు" అన్నాడు. ఒక రూపాయి నా చేతిలో పెట్టి "ముప్ఫై ఎనిమిది" అన్నాడు. యింకో రూపాయి. "ముప్ఫై తొమ్మిది." యింకోటి. "నలభై." తర్వాత ఓ పదినోటు పెట్టి, "యాభై! చూసుకో అత్తయ్యా" అన్నాడు.

కూరలమ్మే అవ్వలు చిల్లర యిచ్చే పద్ధతే అది. యాభైలోంచి ముప్ఫై ఏడు తీసివెయ్యరు వాళ్ళు. ముప్ఫై ఏడు నుంచి యాభై దాకా నడిచి వెళతారు. తీసివేత రాని పిల్లవాడికి కూడా ఆ నడక వస్తుంది. బి.ఏ. చదివిన నేను యీ తేడాని ఎప్పుడూ గమనించలేదు.

అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టి వుంటుంది. ఆ పదమూడు రూపాయల్నీ గుప్పిట్లో పెట్టుకుని యింటికి వస్తుంటే నాకు సిగ్గేసింది. ఎందుకంటే వాడికి నేను చేసిన మొదటి సాయం అది కాదు.

చెప్పక తప్పదు. రెండేళ్ళ కిందట, చంటి మామూలు స్కూల్లో నాలుగో క్లాసు చదువుతున్నప్పుడు, 'మా వూరి చెరువు' అని వ్యాసం రాసుకు రమ్మన్నారు. వాడు రాత్రి తొమ్మిదింటి దాకా కాగితం ముందు కూర్చుని రెండు ముక్కలు రాశాడు. వాళ్ళమ్మ విసిగిపోయి, "వదినా, నువ్వు నవలలు రాస్తావుగా, నాలుగు వాక్యాలు చెప్పి పుణ్యం కట్టుకో" అంది. నేను చెప్పలేదు, రాసేశాను. అక్షరాలు మాత్రం పిల్లల అక్షరాల్లా వంకరగా పెట్టాను. ఎంత తెలివో చూడండి! గట్టు మీద చింతచెట్టు, నీళ్ళలో దాని నీడ, తామరాకు మీద కప్పపిల్ల. నాకే ముచ్చటేసింది.

వాళ్ళ టీచరుకీ ముచ్చటేసిందిట. క్లాసులో నిలబెట్టి పైకి చదవమంది. వాడు చదవలేకపోయాడు. తన పేరు మీద వున్న వ్యాసాన్ని తనే చదవలేక ఆ పీరియడంతా నిలబడ్డాడు. క్లాసంతా నవ్విందని పక్కింటి పిల్ల వచ్చి చెప్పేదాకా మాకెవ్వరికీ తెలియదు. వాడు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ తర్వాత నోటుబుక్కు తీస్తే చాలు, పక్కన ఎవరుంటే వాళ్ళ వైపు తోసి, "నువ్వు రాయి" అనడం మొదలుపెట్టాడు. కోపంగా అనేవాడు కాదు. మంచినీళ్ళు యిమ్మన్నట్టు అనేవాడు.

ఆ రోజుల్లో మా యింట్లో వాడి గురించి రెండు పార్టీలుండేవి. మా మామగారిది రాటుదేలే పార్టీ. "నాలుగు తగిలితే వాడే దారికొస్తాడు. మేమూ దెబ్బలు తినే చదువుకున్నాం" అనేవారు. మా అత్తగారిది పాపం పార్టీ. "పాపం, వాడి చేత ఏమీ చేయించకండే" అని అన్నం కూడా కలిపి పెట్టేది. యీ యిద్దరికీ మాటామాటా వచ్చినప్పుడల్లా నేను అత్తగారి వైపు మాట్లాడేదాన్ని. దెబ్బకంటే ముద్ద మంచిది కదా అని.

యిప్పుడు అనిపిస్తోంది, ఆ రెండు పార్టీలూ వాడితో ఒకే మాట చెప్పాయని. నువ్వెంత తిప్పలు పడ్డా తిట్లు తప్పవు అంది ఒకటి. నువ్వేమీ చెయ్యకపోయినా నీ పని అయిపోతుంది అంది రెండోది. వాడు చేసే పనికీ, వాడికి జరిగేదానికీ మధ్య వుండాల్సిన దారాన్ని ఒకరు ఎడమ చేత్తో, ఒకరు కుడి చేత్తో తెంపారు.

యిది నా సొంత తెలివి అనుకునేరు. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే యిద్దరు కుర్రవాళ్ళు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. చదివితే కడుపులో దేవుతుంది, అయినా చెబుతాను. కొన్ని కుక్కలకి కరెంటు షాకు యిచ్చేవారు. తలతో ఒక పలకని నొక్కితే షాకు ఆగిపోతుంది. మరికొన్ని కుక్కలకీ సరిగ్గా అంతే షాకు, కానీ అవి ఏం చేసినా ఆగదు. మొదటి కుక్కలకి ఆగినప్పుడే వీటికీ ఆగుతుంది. తర్వాత అన్నిటినీ చిన్న అడ్డుగోడ వున్న పెట్టెలో వేశారు. గెంతితే చాలు, అవతల షాకు లేదు. మొదటి రకం కుక్కలు గెంతాయి. రెండో రకంలో చాలా కుక్కలు మూలుగుతూ అక్కడే పడుకుండిపోయాయి. రెంటికీ నొప్పి సమానమే. ఒకదానికి తన పలక వుంది, యింకోదానికి లేదు, అంతే తేడా.

పడుకున్న కుక్కల్ని ఎలా లేపారన్నది యింకా విచిత్రం. పిలిస్తే రాలేదు, అవతల తిండి పెట్టి ఆశ చూపిస్తే రాలేదు. మెడకి తాడు కట్టి, అటూ యిటూ, మళ్ళీ మళ్ళీ లాగి గోడ దాటించాల్సి వచ్చింది. కొన్నిసార్లు అలా దాటాక, కాళ్ళకి గుర్తొచ్చినట్టు, అవే దాటడం మొదలుపెట్టాయి.

దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 2016లో, ఆ యిద్దరే తమ మాటని సవరించుకున్నారు. నిస్సహాయతని ఎవరూ నేర్చుకోరట. కష్టం ఆగకుండా మీద పడుతుంటే చతికిలపడిపోవడం ప్రాణికి పుట్టుకతో వుండేదేనట. నేర్చుకోవాల్సింది రెండోదీ – నేను చేస్తే మారుతుంది అన్నది. అది పుట్టుకతో రాదు, ఎవరైనా అవకాశం యిస్తే వస్తుంది.

దీనికి తెలుగులో ఏం పేరు పెట్టాలా అని చాలాసేపు ఆలోచించాను. ఓర్పు? అబ్బే. ఓర్పు మనకి బాగా తెలుసు. పుట్టింటి నుంచి సారెతో పాటు మూటగట్టి పంపేది అదే కదా. సర్దుకుపో, ఓర్చుకో, ఆడపిల్లవి. మా అమ్మకి ఎంత ఓర్పో వూరంతా చెప్పుకునేవారు. యిప్పుడు ఆలోచిస్తే, ఆవిడ ఏం చేసినా యింట్లో ఏదీ మారదని తెలిసిపోయాక మిగిలినదాని పేరే ఓర్పేమో అని అనుమానం. చంటికి నేను కోరుకునేది అది కాదు. 'నిలదొక్కుకోవడం' అంటే కాస్త దగ్గరగా వుంది. నిలదొక్కుకోవాలంటే ముందు తూలాలి. తూలినవాణ్ణి మనం చంకనెత్తుకుంటే యింక నిలదొక్కుకునేదేమిటి?

అక్షరాల సంగతికి వస్తాను. యిది బద్ధకమూ కాదు, బుద్ధి తక్కువా కాదు అన్న మాట కొత్తది కాదు. 1896లోనే ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే డాక్టరు ఒక పధ్నాలుగేళ్ళ అబ్బాయి గురించి వైద్యపత్రికలో రాశాడు. చురుకైనవాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, కానీ చదవలేడు. తన పేరు 'పెర్సీ' అని రాయబోయి 'ప్రెసీ' అని రాశాడుట, అదీ తప్పని తోచకుండా. పాఠమంతా నోటితోనే చెప్పేటట్టయితే స్కూల్లో కెల్లా వీడే తెలివైనవాడు అవుతాడని వాళ్ళ మాస్టారు అన్నారని కూడా రాశాడు. మన దేశంలో యిది చట్టానికి ఎక్కడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలుంటే వాటిలో యిది లేదు. 2016 చట్టంలో ఆ జాబితా 21 అయింది, అప్పుడు చేరింది. సర్టిఫికెట్ తెచ్చుకుంటే పరీక్షలో ఎక్కువ సమయం యిస్తారు, అవసరమైతే చెప్పింది రాసిపెట్టే మనిషినీ యిస్తారు.

"మరి అదీ సాయమే కదా, నువ్వు వ్యాసం రాయడమూ సాయమే కదా, ఏమిటి తేడా?" అని మా వారు అడిగారు. ఆయన లాయరు, అడ్డుప్రశ్నలు ఆయనకి అలవాటు. తేడా వుంది. పరీక్షలో రాసిపెట్టే మనిషి చంటి చెప్పింది రాస్తాడు. నేను చంటి చెప్పకుండానే రాశాను. నా వ్యాసంలో చింతచెట్టు వుంది, తామరాకు వుంది, చంటి లేడు. వాడు ఆ రాత్రి రాసిన రెండు ముక్కల్లో ఏముందో నేను చదవను కూడా చదవలేదు.

టీచరు ఆ మాట చెప్పిందని పొంగిపోయి, నేను యింటికి వచ్చి మా ఆడబిడ్డకి పెద్ద వుపన్యాసం యిచ్చాను. జ్వరంతో మంచం మీద పడుకుని అంతా విని, "నిజమే వదినా" అంది. "కానీ బస్సు ఏడున్నరకి. వాడు చొక్కా గుండీలు వాడే పెట్టుకుంటే పన్నెండు నిమిషాలు. నేను పెడితే నిమిషం. ఆ పదకొండు నిమిషాలు నాకెవరిస్తారు?"

నాకు జవాబు తోచలేదు. యిప్పటికీ తోచలేదు. పిల్లల మనోధైర్యం గురించి పుస్తకాలు రాసేవాళ్ళు యీ పదకొండు నిమిషాల గురించి రాయరు. పిల్లవాణ్ణి తనంతట తను చేసుకోనివ్వడానికి ఖరీదు వుంది. ఆ ఖరీదు దాదాపు ఎప్పుడూ ఒక్క మనిషే కడుతుంది. వాళ్ళాయన మంచివాడే, స్కూలు ఫీజు ఒకటో తారీకునే కడతాడు. పొద్దున్న ఏడింటికి మాత్రం పేపరు చదువుతుంటాడు. "అబ్బాయి చేత గుండీలు నువ్వు పెట్టించు నాయనా" అని ఆ ఆదివారం నేనే చెప్పాను. అన్నభార్యని, ఆ మాత్రం చనువుంది. పెట్టిస్తున్నాడట. మొదటివారం రెండుసార్లు బస్సు తప్పిపోయిందట కూడా.

తర్వాత నేను వీలున్న శుక్రవారాల్లో ఆ సంతకి వెళుతూనే వున్నాను. అక్కడి పిల్లలందరూ చంటి లాంటివాళ్ళు కారు. అక్షరాలు మాత్రమే రానివాళ్ళు కొందరు, బుద్ధి ఎదుగుదలే నెమ్మదిగా వున్నవాళ్ళు కొందరు. పదిహేనేళ్ళ అమ్మాయి ఒకతె వుంది, డౌన్ సిండ్రోమ్. ఆమెకి చిల్లర లెక్క ఎప్పటికీ రాకపోవచ్చునని టీచరే చెప్పింది. మరి ఆమె నిలదొక్కుకోవడం అంటే ఏమిటి? ఆ ప్రశ్న నన్ను చాలా వేధించింది. అందరూ గెలిచే కథలు రాయడం నవలల్లో సులువు.

ఆ అమ్మాయి పని, వచ్చినవాళ్ళని "సంచీ తెచ్చారా?" అని అడగడం. తేనివాళ్ళకి గుడ్డసంచీ యివ్వడం. వచ్చేవారం ఆ సంచీ తిరిగి తీసుకోవడం. ఒకసారి నేను పట్టుకెళ్ళడం మర్చిపోయాను. చెయ్యి చాచి అలాగే నిలబడింది. "వచ్చేవారం తెస్తానమ్మా" అంటే తల అడ్డంగా వూపింది. ఫర్వాలేదనే అలవాటు ఆ పిల్లకి లేదు! ఆటోకి డబ్బులు పెట్టుకుని యింటికి వెళ్ళి తెచ్చి యిచ్చాను. మిగతా సంచీల మీద పెట్టి, అంచులు సరిచేసి, యింక వెళ్ళవచ్చునన్నట్టు నన్ను చూసింది.

హవాయి దీవుల్లో కవాయి అనే చోట, 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడా, ఆవిడతో పనిచేసినవాళ్ళూ నలభై ఏళ్ళ వయసు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. పేదరికం, తాగుడు, తల్లిదండ్రుల జబ్బులు లాంటి కష్టాలు ఒకటికి నాలుగు మీద పడ్డ పిల్లల్లో కూడా మూడోవంతు మంది చక్కగా పైకి వచ్చారట. వాళ్ళకి కలిసొచ్చినవేమిటని చూస్తే, తనని విడవకుండా పట్టుకున్న పెద్దమనిషి ఒక్కరైనా వుండడం ఒకటి. అది మనం వూహించగలిగేదే. నాకు ఆశ్చర్యం కలిగించింది రెండోది. వాళ్ళలో చాలామందికి చిన్నప్పుడే ఎవరికో ఒకరికి తమ అవసరం పడింది. తమ్ముణ్ణి చూసుకోవడమో, యింటి పని అందుకోవడమో. వాళ్ళు చెయ్యకపోతే ఆ పని ఆగిపోయేది. సంచీల అమ్మాయిని చూశాక ఆ మాట నాకు అర్థమయింది.

అలాగని బరువంతా పిల్లల నెత్తినే పెట్టేసి, "నిలదొక్కుకో, అది నీ బాధ్యత" అనే ఫాషను ఒకటి ఈమధ్య వచ్చింది. దాన్ని చూస్తే నాకు భయం. అది మా మామగారి పార్టీయే, కొత్త చొక్కా వేసుకుని వచ్చింది. చదవలేని పిల్లవాణ్ణి నలభైమంది ముందు నిలబెట్టి చదవమనడం వాడి ధైర్యం పెంచడం కాదు. ఆ క్లాసులో నిలదొక్కుకోవాల్సింది వాడు కాదు, మారాల్సింది ఆ క్లాసు. శుక్రవారం సంతలో వాడి చెవులు ఎర్రబడ్డాయి, నిజమే. కానీ ఆగడానికి ఒప్పుకున్న మనుషులున్నారక్కడ. పక్కన టీచరు వుంది. మార్కెట్ అవ్వ దారి చూపించే వుంది. వాడి పలక వాడి ముందు వుంది. ఎంత బరువైతే వాడికి పలక అవుతుందో, ఎంతైతే ఉత్త షాకు అవుతుందో లెక్క కట్టడం ఆ టీచరు పని. అది చిల్లర లెక్కకంటే కష్టం. నేనైతే నూటికి తొంభైసార్లు తప్పుతాను.

మొన్న సంక్రాంతి సెలవులకి చంటి మా యింటికి వచ్చాడు. భోగి మర్నాడు చారు పెడుతుంటే జీలకర్ర నిండుకుంది. ఎప్పుడైనా అయితే పనిపిల్లని పంపేదాన్ని. "నేను తేనా?" అన్నాడు. కొట్టు సందు చివర. మధ్యలో ఒక రోడ్డు దాటాలి. మా అత్తగారు "పాపం వాణ్ణెందుకే" అని మొదలుపెట్టే లోపల నేను నోటు వాడి చేతిలో పెట్టేశాను.

యిరవై నిమిషాలయినా రాలేదు. నేను గేటు దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. మూడోసారి చెప్పులు కూడా వేసుకున్నాను. మళ్ళీ విప్పేశాను. అంతలో వచ్చాడు, చేతిలో పొట్లం, చిల్లర, బిల్లు. పొట్లం మీద సోంపు అని రాసి వుంది. నేను చూశాను. మా అత్తగారూ చూసి నోరు తెరవబోయింది. నేను కళ్ళతోనే వద్దన్నాను.

వాడు పొట్లం చించబోయి ఆగాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"అత్తయ్యా, యిది అది కాదు కదూ?"

"ఏమో, నువ్వే చెప్పు."

"కాదు. హోటల్లో బిల్లుతో పాటు పెడతారే, అదీ." కాసేపు కాళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. "యిప్పుడు మార్చుకొస్తే యిస్తాడా?"

"అడిగి చూడు."

"నేను అక్షరాలు సరిగ్గా చదవలేనని చెప్పాలా?"

దానికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. "నీ యిష్టం నాన్నా" అన్నాను. ఎందుకైనా మంచిదని, "నేనూ రానా?" అని కూడా అడిగేశాను. పాత అలవాటు ఎక్కడికి పోతుంది!

"వద్దు" అన్నాడు. "వాసన చూసి తెస్తా యీసారి. ఆ బిల్లు యిలా యివ్వు."

గేటు చప్పుడయింది. మా అత్తగారు పెదవి విరిచి దేవుడిగదిలోకి వెళ్ళిపోయింది. నేను పొయ్యి ఆపి, నూనె మూకుడు దించి పక్కన పెట్టాను.